చచ్చిన విలన్‌కి పదకొండుమంది తమ్ముళ్లు

ముందే ఒప్పుకుంటాను. ముప్పై నాలుగేళ్లు స్టీలు ప్లాంటులో రైలుపట్టాలు తనిఖీ చేసి, వెంట్రుకంత బీటను కూడా వదలడని పేరు తెచ్చుకున్న నేను, రిటైరయ్యాక నలభై ఎనిమిది వేరువేరు కౌబాయ్ సినిమాలను ఒకే సీరియల్ అనుకున్నాను. అనుకుని నోరు మూసుకుంటే ఏ గొడవా ఉండకపోను. ఆ సీరియల్ కథను ప్రతి ఆదివారం పదిహేనుమందికి విడమరచి చెప్పాను. వాళ్లు నమ్మారు. చిక్కంతా అక్కడే వచ్చింది.

తప్పు పూర్తిగా నాది కాదు, కొంత పెన్‌డ్రైవుది. హిందీ మాట్లాడే మా ప్లాంటు ఊళ్లో, సుపేలా మార్కెట్లో ఫోన్లు బాగుచేసే దుకాణానికి వెళ్లి, పాత ఇంగ్లీషు సినిమాలు, గుర్రాలుండేవి కావాలన్నాను. చిన్నప్పుడు నాన్న ఆదివారం పొద్దుటి ఆటకి తీసుకెళ్తే చూసినవి. కథ గుర్తు లేదు, దుమ్ము గుర్తుంది. తెర మీది దుమ్ము ఎంతో, ప్లాంటు నుంచి వచ్చి మా చొక్కాల మీద వాలిన దుమ్ము ఎంతో అప్పట్లోనే తేలలేదు. దుకాణందారు ఇంటర్నెట్లో ఉచితంగా దొరికేవన్నీ తోడి పెన్‌డ్రైవు నింపి ఇచ్చాడు. "అంకుల్, ఘోడే వాలా సబ్ డాల్ దియా," అన్నాడు, గుర్రాలున్నవన్నీ వేసేశానని. ఫైళ్లకు పేర్లు లేవు. ఒకటి నుంచి నలభై ఎనిమిది దాకా నంబర్లున్నాయి.

ప్లాంటు మనిషి దేవుణ్నయినా అనుమానిస్తాడు గాని నంబరును అనుమానించడు. మా దగ్గర ఒక కొలిమి నుంచి ఒకసారి పోసిన ఉక్కును హీట్ అంటారు. ఆ హీట్‌లోంచి వచ్చిన ప్రతి పట్టా మీదా ఆ నంబరే కొడతాం. వరసగా నంబర్లున్నాయంటే అన్నీ ఒక కడుపున పుట్టినవే. పైగా ఈ సినిమాల్లో అదే వీధి, అదే సారా దుకాణం, అదే గుండ్రాయి. ఆ రాయి వెనక నక్కి కాల్చని మనిషి లేడు. మొదట్లో ఒక్కోదానికి ఒక్కో పేరు పడుతుంటే, ఎపిసోడ్ పేరు కాబోలు అనుకున్నాను. ఒకే హీట్, సందేహం లేదు.

మా సెక్టారులో తెలుగువాళ్లకి ఒక చిన్న హాలుంది. అందులో క్యారమ్ బోర్డు, ఇరవై ప్లాస్టిక్ కుర్చీలు, ఎవరో రిటైరవుతూ ఇచ్చిన పెద్ద టీవీ. ఆదివారం పది గంటలకి, ఇళ్లలో టిఫిన్లు అయ్యాక, రిటైరైనవాళ్లం చేరేవాళ్లం. అంతకుముందు అక్కడ రక్తపోటు మీద ఉపన్యాసాలు జరిగేవి. అవి విని ఇద్దరు ముగ్గురికి రక్తపోటు పెరిగాక, నేను పెన్‌డ్రైవు పట్టుకెళ్లాను.

చిక్కేమిటంటే, ఆ కౌబాయ్‌ల భాష ఎవరికీ అర్థం కాలేదు. వాళ్లు మాట్లాడేది ఇంగ్లీషే గాని, బుగ్గన జర్దా ఉన్నప్పటి ఇంగ్లీషు. ఎవరో ఒకరు పక్కన నిలబడి తెలుగులో చెప్పాలి. పెన్‌డ్రైవు ఎవరిదో నోరూ వాళ్లదే అన్నారు. నాకొచ్చిన ఇంగ్లీషు మా తనిఖీ కాగితాల్లో రాసే నాలుగు మాటలు: ఓకే, రిజెక్టెడ్, హోల్డ్, రీఇన్‌స్పెక్ట్. ఈ నాలుగింటితో ఏ కౌబాయ్ సినిమా అయినా చెప్పేయొచ్చని నాకు అనుభవం మీద తెలిసింది. హీరో ఓకే, విలన్ రిజెక్టెడ్. హీరోయిన్ చివరిదాకా హోల్డ్, ఎందుకంటే హీరో ఆమెకి టోపీ ఎత్తి నమస్కారం పెట్టి, ముద్దు మాత్రం గుర్రానికి పెట్టి వెళ్లిపోతాడు. షెరీఫ్ గారు ఏ నేరాన్నయినా ఒకటికి రెండుసార్లు రీఇన్‌స్పెక్ట్ చేస్తారు. మా హిందీవాళ్ల లెక్కన ఆయన షరీఫే, అంటే పెద్దమనిషే గాని, పనిమంతుడు కాదు.

కథ మాత్రం నాకు బాగా తెలిసినదే. ఒక వితంతువుకి కాస్త భూమి ఉంటుంది. ఆ భూమి మీదుగా రైలు వస్తుందని విలన్‌కి ముందే తెలుస్తుంది. దొంగ కాగితాలు పుట్టిస్తాడు. నా ఉద్యోగమంతా పట్టాల మీద నడిచింది, ఈ సినిమాలన్నీ పట్టా కోసం నడుస్తాయి. చుట్టాల్లోకి వచ్చినట్టే ఉండేది. విలన్‌ని పక్కనున్న జాముల్ నుంచి వచ్చిన కంట్రాక్టర్నీ, హీరోని డిప్యుటేషన్ మీద వచ్చినవాణ్నీ చేశాను. సారా దుకాణం క్యాంటీన్ అయింది. అక్కడ కుర్చీలు విరగ్గొట్టుకుంటుంటే, జీతాల ఒప్పందం మీద చర్చ జరుగుతోందని చెప్పాను. హాలు ఊగిపోయింది.

వినేవాళ్లలో ముందు వరస మా పై అంతస్తు పెద్దమ్మది. శ్రీకాకుళం వైపు నుంచి కొత్త పెళ్లికూతురిగా ఇక్కడికి వచ్చి, ఎనభై దాటింది. ఈమధ్యే రెండు కళ్లకీ శుక్లాలు తీయించుకుంది. డబ్బు పెట్టి బాగుచేయించుకున్న కళ్లని ఊరికే ఉంచడం ఆవిడకి ఇష్టం లేదు. తెర మీద మనుషుల్నే గాక కర్టెన్లు, గిన్నెలు, గుర్రాల కాళ్లు అన్నీ చూసేది.

మొదటి సినిమాలో విలన్ లోయలో పడి చచ్చాడు. బొద్దు మీసం, ఎడమ కన్ను కాస్త చిన్నది. మూడో సినిమాలో అదే మీసం, అదే కన్ను, గుర్రమెక్కి వచ్చాయి.

"ఒరే నాయనా, ఆడు మొన్న సచ్చిపోనాడు గదా. మళ్లీ ఒచ్చీసినాడేటి?" అంది పెద్దమ్మ.

"వీడు వాడి తమ్ముడు పెద్దమ్మా," అన్నాను. నిజంగా నేనూ అలాగే అనుకున్నాను. అన్న చచ్చిన ఊరికి పగ తీర్చుకోవడానికి తమ్ముడు రావడంలో వింతేముంది?

"అదేటో అనుకున్నాను. ముకం అన్నదే," అంది. తృప్తిపడింది.

ఆరో సినిమాలో రెండో తమ్ముడొచ్చాడు. ఎనిమిదిలో మూడోవాడు. హీరో మారిపోతే, పాతవాడికి ట్రాన్స్‌ఫర్ అయిందన్నాను. అందరూ తలూపారు. ట్రాన్స్‌ఫర్ మీద మా వాళ్లకి గట్టి నమ్మకం. ఒక గుర్రబ్బండి ఒకే మలుపులో, ఒకే ట్రంకుపెట్టె ముందు జారుతుండగా, నాలుగోసారి లోయలో పడినప్పుడు నేనే తడబడ్డాను. పెద్దమ్మే ఆదుకుంది. "కంట్రాక్టరు బండి గదా నాయనా. దాన్నే బాగుసేసి మళ్లీ పంపేసుంటాడు," అంది. నా వెనక కూర్చున్న పాత క్రేన్ ఆపరేటరు, "సహీ బాత్ హై, మా షాపులో కూడా అంతే," అన్నాడు.

పదకొండో సినిమా ఇంట్లో ముందుగా వేసుకుని చూశాను. కళ్లద్దాలు పెట్టుకుని మొదట్లో పడే పేర్లు కూడా చదివాను. ఎడమ వైపు నటుడి పేరు, కుడి వైపు పాత్ర పేరు. అనుమానం వచ్చి పాతవి తిరగేశాను. ఎడమ వైపు మీసాలవాడి పేరు అన్నిట్లో ఒకటే. కుడి వైపు మాత్రం వారానికో పేరు. తమ్ముళ్లు లేరు. సీరియల్ లేదు. ఒక బక్క నటుడు, వారం జీతానికి, చచ్చిన సోమవారమే మళ్లీ డ్యూటీ ఎక్కుతున్నాడు.

చెప్పేయాలి. చెప్పలేదు. ఎందుకో కూడా రాసేస్తాను. మా ఇంట్లో కొడుకూ కోడలూ హిందీలో మాట్లాడుకుంటారు, పిల్లలు ఆ హిందీని ఇంకా పరుగెత్తిస్తారు. నేను తెలుగులో ఒక వాక్యం మొదలుపెట్టి క్రియ దగ్గరికి వచ్చేసరికి గదిలో ఎవరూ ఉండరు. మా ఆవిడ చెవులు షిఫ్టుల్లో పనిచేస్తాయి, నా షిఫ్టు ఇంకా రాలేదు. మొదటి మాట నుంచి చివరి మాట దాకా మనుషులు నా తెలుగు వినేది వారానికి ఆ ఒక్క గంటే. దాన్ని నిజం కోసం వదులుకునేంత గొప్పవాణ్ని కాను. తమ్ముళ్లని పెంచుతూ పోయాను. ఇరవై తొమ్మిదో సినిమాకి పదకొండుమంది అయ్యారు. పెద్దమ్మకి వరసగా అందరూ కంఠతా వచ్చు.

అప్పుడు మా బావగారు వచ్చారు.

బావగారంటే మా ఆవిడ అన్నగారు. ప్లాంటులోనే డిజైన్ విభాగంలో ఆఫీసరుగా చేసి రిటైరై, దగ్గర్లోని కుమ్హారిలో ఇల్లు కట్టుకున్నారు. ఆదివారాలు చెల్లెలి చేతి వంట తినడానికి వస్తారు. ఏది చెప్పినా పాయింట్ల లెక్కన చెబుతారు. పెళ్లిచూపుల నాడు కూడా నన్ను అలాగే పరీక్షించారు. మూడు పాయింట్లలో రెండింట ఫెయిలయ్యానని నాకు తర్వాత తెలిసింది. ఆ ఆదివారం తొందరగా వచ్చి, హాలుకి కూడా వచ్చి, వెనక కుర్చీలో చేతులు కట్టుకు కూర్చున్నారు.

పదకొండో తమ్ముడు క్యాంటీన్‌లో బల్ల గుద్దుతున్నాడు. హాలు నవ్వుతోంది. బావగారు లేచి వచ్చి, రిమోట్ తీసుకుని, బొమ్మని ఆపారు.

"పాయింట్ నంబర్ వన్ బావా, ఇది సీరియల్ కాదు. ఒక టికెట్టుకి రెండు సినిమాలు వేసే కాలంలో, పెద్ద సినిమాకి కొసరుగా వారం పదిరోజుల్లో చుట్టేసిన చిన్న సినిమాలు. పాయింట్ నంబర్ టూ, ఇతను ఎవరికీ తమ్ముడు కాడు. నటుడు. నెలకో సినిమాలో చచ్చేవాడు. పాయింట్ నంబర్ త్రీ, ఖర్చు తగ్గించడానికి గుర్రాల పరుగూ బండి పడడమూ ఒకసారి తీసి, అన్ని సినిమాల్లోనూ అతికించేవారు. ఇంత చిన్న సంగతి నువ్వు గమనించలేదా?"

గమనించానని చెబితే మోసగాణ్ని, గమనించలేదంటే మూర్ఖుణ్ని. మూర్ఖత్వమే మర్యాదగా కనిపించింది. "లేదు బావగారూ," అన్నాను.

పెద్దమ్మ నా వైపు చూసింది. "మరి ఆ పదకొండుమందీ?"

"లేరమ్మా," అన్నారు బావగారు. "అసలు పుట్టలేదు."

"పోయిన ఆదివారం దాకా ఉన్నారు గదా బాబూ. ఒక్క పూటలో అంతమందికీ తద్దినం పెట్టేసినారు," అంది.

ఆ తర్వాతి ఆదివారం నుంచి తెలుగు చెప్పే పని బావగారిది. నాకు పెన్‌డ్రైవు పెట్టే పని మిగిలింది. నిజం చెప్పాలంటే ఆయన ఇంగ్లీషు నిఖార్సైనది. ఒక్క మాట వదలరు. దేన్నీ వదలకూడదని ప్రతి మాట దగ్గరా బొమ్మ ఆపుతారు. "‘చేతులు పైకెత్తు’ అని ఇతడు అన్నాడు." ఆపు. "‘నేను ఎత్తను’ అని అతడు బదులిచ్చాడు." ఆపు. గంట కూడా లేని సినిమా రెండున్నర గంటలు సాగేది. హీరో తుపాకీ పేల్చాక బావగారు ఒక సామెత అర్థం వివరించడానికి ఆపితే, పొగ అలాగే గాల్లో నిలబడింది. క్రేన్ ఆపరేటరు నా చెవిలో, "భయ్యా, గోలీ పహుంచీ క్యా? గుండు చేరిందా?" అన్నాడు.

జనం పలచబడ్డారు. పదిహేనుమంది తొమ్మిదయ్యారు, తర్వాత ఆరు. ఒకాయన నిజాయితీగా వచ్చి, రక్తపోటు ఉపన్యాసాలు మళ్లీ పెట్టిస్తారా అని అడిగాడు. పెద్దమ్మ మాత్రం మానలేదు. ముందు వరసలో కూర్చుని, ఎవరి తమ్ముళ్లూ కాని మనుషుల్ని పరాయివాళ్లని చూసినట్టు చూసేది. ఒకరోజు మెట్ల మీద ఎదురై, "సెప్పీదేదో నువ్వే సెప్పొచ్చు గదా నాయనా. ఆయన సెప్పింది అర్థమవతంది, గాని ఏటీ తెలీదు," అంది. జీవితంలో నాకు దక్కిన మెచ్చుకోలు కాగితాలు మూడు, మూడూ అటక మీద ఉన్నాయి. ఈ మాటని అటక మీద పెట్టలేకపోయాను.

ఇంటికొచ్చి పెన్‌డ్రైవు మొత్తం మళ్లీ తనిఖీ చేశాను, ఈసారి బీట కోసం. నాలుగు రోజులు పట్టింది. మా ఆవిడ, "అన్నయ్య మీద కోపం గుర్రాల మీద చూపిస్తన్నారేటి?" అంది. నాలుగో రోజు దొరికింది.

ముప్పై ఒకటో నంబరూ నలభై నాలుగో నంబరూ ఒకే సినిమా.

ఆ కంపెనీలకి అదొక అలవాటని తర్వాత తెలిసింది. కొన్నేళ్లాగి, పాత సినిమాకి మొదట్లో పేరు మార్చి, ఒకటి రెండు సన్నివేశాలు కత్తిరించి, కొత్త సరుకుగా మళ్లీ వదిలేవాళ్లు. పాత పట్టా మీద నంబరు చెరిపి కొత్త నంబరు కొట్టడమన్నమాట. నా సర్వీసులో ఎవడైనా ఆ పని చేస్తే మెమో ఇచ్చేవాణ్ని. ఇప్పుడు చేసినవాడి చేతులు కళ్లకద్దుకోవాలనిపించింది. ముప్పై ఒకటిని బావగారు ఏడు వారాల క్రితం, ఒక్క మాట వదలకుండా, రెండున్నర గంటలు అనువదించి ఉన్నారు.

ఆయన పట్టుకుంటారేమోనని నాకు భయం లేకపోలేదు. కాని ఆయన్ని పెళ్లిచూపుల నాటి నుంచి ఎరుగుదును. మాటలు వింటారు, మొహాలు చూడరు. పెళ్లయి ఏడాది దాకా నన్ను మా తమ్ముడి పేరుతో పిలిచారు.

ఆదివారం వరస తప్పించి నలభై నాలుగు పెట్టాను. బావగారు కాక ఆరుగురం ఉన్నాం. బావగారు ముందుమాట చెప్పారు. "ఈ సినిమా పేరుకి అర్థం ‘సరిహద్దు మీద న్యాయం’ లాంటిది. ఎత్తుగడ చూస్తే కొత్తగా ఉంది."

"మనం ఇదివరకు చూసిందేమోనని నాకు చిన్న అనుమానం బావగారూ," అన్నాను. తప్పించుకునే దారి ఒకటి చూపించడం ధర్మం కదా.

"కాదు బావా. అదే నీ పొరపాటు. నీకన్నీ ఒకేలా కనిపిస్తాయి. దేనికది విడిగా చూడడం నేర్చుకో."

ధర్మం తీరిపోయింది. కుర్చీలో వెనక్కి వాలాను.

అరగంట గడిచింది. మన మీసాల విలన్ వితంతువు ఇంటికి దొంగ కాగితాలు తెచ్చాడు. హీరో పొయ్యి దగ్గర కూర్చుని కాఫీ కాస్తున్నాడు. పెద్దమ్మ కుర్చీలో ముందుకు జరిగింది.

"బాబూ," అంది బావగారితో, "ఆ గిన్నెకి సొట్ట సూడండి. ఈ గిన్నెని మనం ఎరుగుదుం."

"గిన్నెలు అన్ని సినిమాల్లో అవే వాడతారమ్మా. చెప్పాను కదా, ఖర్చు తగ్గించడానికి."

"అలాగా." మరో పది నిమిషాలకి గుర్రం వచ్చింది. "ఎనక ఎడం కాలికి తెల్ల మేజోడేసినట్టుంది. ఇదీ ఎరుగుదుం. ఇప్పుడిది వంతెన కాడ ఆగిపోద్ది, దిగి తాడు కోసేత్తాడు సూడండి."

గుర్రం వంతెన దగ్గర ఆగింది. హీరో దిగి తాడు కోశాడు.

బావగారి వేలు రిమోట్ మీద ఉండిపోయింది. నొక్కకుండానే హాలంతా ఆగినట్టయింది. "ఇప్పుడా పిల్ల కాయితం పొయ్యిలో ఏసేద్ది. ఏసీముందు ఓపాలి ముద్దెట్టుకుంటాది," అంది పెద్దమ్మ. హీరోయిన్ కాగితాన్ని ముద్దుపెట్టుకుని పొయ్యిలో వేసింది. క్రేన్ ఆపరేటరు మెల్లగా అన్నాడు: "సార్, యే తో దేఖా హువా హై. చూసిందే, వానలప్పుడు వేసిందే కదా."

ఐదుగురూ బావగారి వైపు చూశారు. నేను సగం కొబ్బరి చెక్కలా ఏ భావమూ లేకుండా కూర్చున్నాను. ఆయన చెవులు ఎరుపెక్కాయి. ఒకే సినిమాని, ఒక్క మాట పొల్లుపోకుండా, రెండుసార్లు కొత్తదిగా అనువదించానని డిజైన్ విభాగపు ఆఫీసరు ఎలా ఒప్పుకుంటారు? ఆయన నా వైపు చూశారు. ఇన్నేళ్లలో మొదటిసారి ఆ చూపులో పాయింట్లు లేవు, అర్జీ ఉంది.

ఆదుకున్నాను. బంధువులం కదా.

"చూసింది కాదు పెద్దమ్మా," అన్నాను. "బావగారు చెప్పిందే నిజం, ఇది వేరే కథ. వేరే ఊరు, వేరే భూమి. మరి ఈ మీసాలవాడి మొహం మనం ఎరిగినట్టు ఎందుకుందంటే..." అని ఆగి, మర్యాదగా బావగారి వైపు తిరిగాను. "పెద్దవారు, మీరే చెప్పండి. ఇతను ఎవరు?"

బావగారు గొంతు సవరించుకున్నారు.

"పాయింట్ నంబర్ వన్," అన్నారు.

రెండో పాయింటు కోసం అందరం ఓపిగ్గా ఎదురుచూశాం. రాలేదు.

"తమ్ముడు," అన్నారు చివరికి, టీవీ కింద గోడకి చెబుతున్నట్టు.

"అలా సెప్పండి బాబూ, మరి," అంది పెద్దమ్మ. వేళ్లు మడిచి లెక్కపెట్టుకుంది, ఒక చెయ్యి, రెండో చెయ్యి, మళ్లీ మొదటి చేతికొచ్చి రెండు. "పన్నెండోవోడు."

బావగారు రిమోట్ తెచ్చి నా ఒళ్లో పెట్టి, వెనక కుర్చీలోకి వెళ్లి చేతులు కట్టుకు కూర్చున్నారు. నేను లేచి నిలబడి కథ అందుకున్నాను. మొదటి పదకొండుమందికీ బాధ్యత నాదే, ఎక్కడైనా ఒప్పుకుంటాను. పన్నెండోవాడు మాత్రం డిజైన్ విభాగం నుంచి వచ్చాడు.